విమానాల వేగం - అచ్చయిన అంకెలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక పంచాంగ శ్రవణంలో మన ఆదాయ వ్యయాలు విన్నాం. ఎక్కువ వచ్చినవారు మురిశారు, తక్కువ వచ్చినవారు నవ్వి ఊరుకున్నారు. ఆ అంకెలతో ఎవరికీ ప్రమాదం లేదు. కాని కొన్ని అంకెలను నమ్మి మనుషులు ప్రాణాలొడ్డుతారు. పాత యుద్ధ విమానాల వేగం అటువంటిది. మన పిల్లలు పుస్తకాలలో ఆ అంకెలు చూసి, ఏది గొప్పదని వాదులాడుకుంటూ ఉంటారు. వారికోసమే ఈ నాలుగు మాటలు.

1939 ఏప్రిల్ 26న జర్మనీలో ఫ్రిట్జ్ వెండెల్ అనే పైలటు ఒక మెస్సర్‌ష్మిట్ విమానాన్ని గంటకు 755 కిలోమీటర్ల వేగంతో నడిపి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. దాని పేరు 109 ఆర్ అని ప్రకటించారు. వారి సైన్యం వాడే విమానం పేరు 109. రెండూ ఒక ఇంటి బిడ్డలేనని లోకం భ్రమపడాలనే ఎత్తు అది. నిజానికి అది 209 అనే వేరే విమానం. రికార్డు కోసమే కట్టినది, తుపాకులు లేనిది. ఆనాటి సైన్యపు 109 వేగం సుమారు 570 మాత్రమే. కొలత సరియైనదే, అంకెకు తగిలించిన పేరే తప్పు.

మోసం లేనిచోట కూడా అంకె మారుతుంది. ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ మొదటి రకాన్ని పరీక్షించినప్పుడు ఒక విమానం 18,500 అడుగుల ఎత్తున గంటకు 362 మైళ్ళు పోయింది. 1940లో మరొకటి 18,900 అడుగుల ఎత్తున 354 మైళ్ళే పోయింది. మొదటి దాని బరువు 5,819 పౌనులు, రెండవ దానిది 6,050. నడుమ కవచపు రేకులూ, గుండు తగిలినా పగలని అద్దమూ చేరాయి. రెండంకెలూ నిజమే. కాని యుద్ధానికి పోయేవాడికి కావలసింది చిన్న అంకె గల విమానమే గదా!

ఇక గడియారం వంటి వేగమాపకం సంగతి. ఇరవై వేల అడుగుల ఎత్తున గాలి సాంద్రత నేలమీది దానిలో సుమారు సగమే. అక్కడ ముల్లు 260 చూపితే అసలు వేగం 355 దాకా ఉంటుంది. లెక్క కట్టి సవరించాలి. ఆ సవరణలో కొంచెం పొరబడినా అచ్చులో పడే అంకె మారిపోతుంది.

నేను రైల్వే గుమాస్తాను. బండి తగిలించని ఇంజను పరుగు చూసి, పదిహేను పెట్టెల పాసెంజరుకు టైము వేస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. బండి ఆలస్యమైతే ప్రయాణికుడు విసుక్కుంటాడు. ఆకాశంలో శత్రువు వెంటబడినప్పుడు లెక్క తప్పితే విసుక్కోవడానికి మనిషే మిగలడు.

కాబట్టి పిల్లలూ, ప్రభుత్వముద్ర ఉన్నా సరే, అంకె కనబడితే మూడు ప్రశ్నలు వేయండి. ఏ విమానాన్ని కొలిచారు? ఎంత బరువుతో? ఎంత ఎత్తున? జవాబు దొరికితే నమ్మండి. దొరకకపోతే దాన్ని పట్టుకుని స్నేహితునితో తగవు పడకండి.