రోగమునకు తోడు ఋణమా?

(పఠనమందిరమునం దొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



ఇంటిలో పెద్ద రోగము ప్రవేశించినపుడు ఇరువురు శత్రువులు ద్వారమున నిలుచుందురు. ఒకటి వ్యాధి, రెండవది ఋణము. మొదటిదానితో వైద్యుడు పోరాడును. రెండవదానితో పోరాడుటకై యేర్పడినది ఆరోగ్య బీమా. అది ఆపదలో మన పక్షమున నిలుచునా యన్నదే నేటి ప్రశ్న.

2021లో ఒక చిన్న వర్తకుడు నా యొద్దకు వచ్చెను. ఆయన యిల్లాలికి రొమ్ము క్యాన్సరు. ఆరేండ్లు తప్పక ప్రీమియము చెల్లించిన కుటుంబము. పాలసీ తీసుకొన్ననాడు మధుమేహమును తెలుపలేదని కంపెనీవారు సొమ్ము నిరాకరించిరి. దరఖాస్తు నింపినవాడు ఏజెంటు. సంతకము మాత్రమే వీరిది. వ్యాజ్యము వేసితిమి, గెలిచితిమి. కాని యప్పటికే చికిత్సకై యిల్లమ్ముడుపోయెను. ధనము వచ్చినది, యిల్లు రాలేదు.

నాడు ఎనిమిదేండ్లు నిండినగాని యిట్టి యాక్షేపణనుండి రక్షణ లేకుండెను. 2024 ఏప్రిల్ 1 నుండి బీమా నియంత్రణ సంస్థ ఆ గడువును ఐదేండ్లకు తగ్గించినది. ఎడతెగక ఐదేండ్లు చెల్లించినవారి క్లెయిమును, మోసము రుజువైననే తప్ప, విషయము దాచిరను నెపమున త్రోసివేయరాదు. ముందుగా నున్న వ్యాధులకు నిరీక్షణ కాలము నాలుగేండ్లకు బదులు మూడేండ్లకు మించరాదనిరి. నగదు రహిత చికిత్సకు ఒక గంటలోను, రోగిని ఇంటికి పంపునపుడు మూడు గంటలలోను అనుమతి నీయవలెనని యా సంవత్సరమే శాసించిరి. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత పాలసీలపై 18 శాతము పన్ను తొలగినది. ఇవి సామాన్యమైన మేళ్లు కావు.

అయినను తృప్తి జెందుటకు వీలులేదు. 60 ఏండ్లు దాటినవారి ప్రీమియమును ఏటా 10 శాతమునకు మించి పెంచదలచినచో ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదింపవలెనని 2025 జనవరిలో ఆజ్ఞయైనది. తక్కినవారికి అది వర్తింపదు. నలువదియేండ్ల గుమాస్తా భారము మోయలేక పాలసీ మానినచో, అతడు చెల్లించిన సంవత్సరములన్నియు వ్యర్థమగును గదా!

ఇక బీదల మాట. 2007లో ఆరోగ్యశ్రీ పుట్టినది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచెను. కాని బకాయిలు రాలేదని 2025లో ఉభయ రాష్ట్రములందును కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఇట్టి సేవలను నిలిపినవి. కాగితముమీది లక్షలు రోగి మంచమువరకు రానిచో నేమి ఫలము?

మహాశయులారా! దరఖాస్తును మీరే చదివి నింపుడు. ఉన్న వ్యాధిని దాచకుడు. గడువు తప్పనీయకుడు. నిరాకరించినచో కారణమును వ్రాతమూలముగా నడుగుడు. కంపెనీకి ఫిర్యాదు చేసినను న్యాయము జరుగనిచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయుడు. నా వృత్తికి నష్టమైనను చెప్పుచున్నాను: అచట రుసుము లేదు, వకీలుతో పనిలేదు.

చదువు వచ్చినవారికి నాదొక మనవి. వారమున కొక గంట యీ మందిరమున కూర్చుండి, పొరుగువారి పాలసీ కాగితములను చదివి వారికి తెలియజెప్పుడు. ఆ వర్తకునికి ఆరేండ్ల ముందు అట్టివాడొక్కడు దొరకియుండినచో, ఆ యిల్లు నేటికిని వారిదై యుండెడిది.