విమానంలో బండి సామాను



2019లో అమెరికాలోని మా అబ్బాయి దగ్గరికి వెళ్తూ, వాడి పాత బుల్లెట్ కోసం నా బండి కార్బురేటరు, కొత్త బ్యాటరీ పెట్టెలో సర్దాను. విమానాశ్రయంలో రెండూ తీసేశారు. మా ఆవిడ ముందు తల కొట్టేసినట్లయింది.

తప్పు నాదే. కార్బురేటరుకు పెట్రోలు వాసన పోలేదు; ఆ ఆవిరి చాలు, నిప్పు అంటుకోవడానికి. బ్యాటరీ సీల్డేగదా అనుకున్నాను. ఒలకని రకమైనా 12 వోల్టులు, 100 వాట్-అవర్లు దాటరాదు. నాది 12ను 14 యాంపియర్-అవర్లతో గుణిస్తే 168! యాసిడ్ పోసే రకమైతే అసలే కూడదు. ఒలికితే విమానపు అల్యూమినియాన్ని తినేస్తుంది. లిథియంవి విడిగా ఉంటే చేతిసంచీలోనే, అదీ పరిమితికి లోబడి.

కనుక బ్యాటరీ అక్కడే కొనుక్కోమనండి. చెయిను, బ్రేకు కేబుళ్ళు శుభ్రంగా తుడిచి పెద్ద పెట్టెలో పెట్టండి. అనుమానముంటే విమాన సంస్థవారిని ముందే అడగండి.

పిల్లలు అడిగితే కాదనలేం, నిజమే. కాని అదే విమానంలో ఎందరి పిల్లలో ఉంటారు. సెలవు.