బూడిద పొరల క్రింద బెర్గెన్

నార్వే పశ్చిమ తీరమున బెర్గెన్ అను రేవుపట్టణము కలదు. అచట బ్రిగ్గెన్ అను వర్తకుల వాడలో ఇండ్లు పెక్కు కొయ్యతో కట్టినవే. 1955 జూలై 4న చెలరేగిన అగ్నికి ఆ వాడలో కొంత భాగము ఆహుతియైనది. ఆ నష్టమే చరిత్రకు త్రోవ చూపినది.

ఆస్‌బ్యోర్న్ హెర్టెయిగ్ నాయకత్వమున త్రవ్వకములు పదేండ్లకు పైగా సాగినవి. 1198, 1248, 1476లలో పట్టణము తగులబడినట్లు గ్రంథస్థమై యున్నది. నేలలోని బూడిద పొరలను ఈ సంవత్సరములతో సరిపోల్చి, వాటి నడుమ దొరకిన వస్తువుల కాలమును నిర్ణయించిరి. నేల తడిగా నుండుటచే పునాది దుంగలు చీకిపోక నిలిచినవి. కాలిన ప్రతిసారియు జనులు ఆ శిథిలములనే మెరకగా పరచి, సముద్రమువైపు జరిగి, మరల కట్టుకొనిరని తేలినది.

వీటితోపాటు రూనిక్ లిపి చెక్కిన శాసనములు సుమారు 670 లభించినవి. అందు పెక్కు కొయ్యపుల్లలపై నున్నవి. శాసనమనగానే మనకు రాజులు, దానములు స్ఫురించును. ఇవి యట్టివి కావు. సరకు ఎవరిదో తెలుపు చీటీలు, ప్రార్థనలు, ప్రేమపలుకులు. ఇంటికి రమ్మని గ్యూడా యను స్త్రీ పంపిన కబురొకటి. ఏ గ్రంథమునకును ఎక్కని ఈమె పిలుపును పుల్లముక్క దాచినది.

ఆ చోటనే 1976లో మ్యూజియము వెలసినది. నాటి పునాది కొయ్యలను అందు చూడవచ్చును.