కానరాకపోవుటయు, లేకపోవుటయు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ గ్రంథాలయ రజతోత్సవమున కావ్యములను గూర్చి ప్రసంగింపుమని మిత్రులు కోరిరి. నేను కడుపునొప్పిని గూర్చి ప్రసంగించెదను, మన్నింపుడు.

పల్లెలలో “ఇరువదినాలుగు గంటల నొప్పి” యని భయముతో చెప్పుకొను వ్యాధిని వైద్యులు అపెండిసైటిస్ అందురు. పెద్దప్రేగు మొదట వ్రేలాడు చిన్న గొట్టమునకు ఉండుకమని పేరు. అది వాచి, చీముపట్టి పగిలినచో ప్రాణాపాయము. నొప్పి సాధారణముగా బొడ్డుచుట్టు మొదలై, కొన్ని గంటలకు పొట్ట కుడివైపు క్రిందిభాగమునకు దిగును. అన్నము సహింపదు, వాంతి, జ్వరము రావచ్చును. ఇట్టి వేళ ఆముదము పట్టించు పెద్దలు ఇంకను ఉన్నారు. గొట్టము పగులుటకు తోడుపడు పని అది.

1886లో బోస్టను వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ ఈ వ్యాధికి పేరు పెట్టి, శస్త్రచికిత్సకు ఆలస్యము తగదనెను. సరిగా నూరేండ్లకు, 1986లో, నెదర్లాండ్సు వైద్యుడు జూలియన్ పైలార్ట్ దానిని అల్ట్రాసౌండుతో కనిపెట్టు పద్ధతిని ప్రకటించెను. ఆయన ఉపాయమంతయు నొక్కుటలోనే యున్నది. శబ్దతరంగములకు వాయువు అడ్డు. అందుచే సాధనమును పొట్టపై ఆనించి, రోగి బిగుసుకొనకుండ మెల్లమెల్లగా నొక్కుదురు. వాయువు ప్రక్కకు తొలగును. ఆరోగ్యముగానున్న ప్రేగు అణగును, అలవలె కదలును. వాచిన ఉండుకము అణగదు, కదలదు. ఒక కొన మూసికొనియున్న గొట్టముగా నిలుచును. వెడల్పు 6 మిల్లీమీటర్లు మించినచో అనుమానము బలపడును. రేడియేషను లేదు గనుక బిడ్డలకును గర్భిణులకును మొదట దీనినే చేయుదురు.

అయితే నేను ముఖ్యముగా విన్నవింపదలచినది వేరొకటి. స్కానింగు కాగితముపై “ఉండుకము కానరాలేదు” అని యున్నచో, ఇంటివారు “ఏమియు లేదట!” అని సంతోషించి బండి యెక్కుదురు. కుమారిలభట్టు ననుసరించిన మీమాంసకులు అనుపలబ్ధిని, అనగా కానరాకపోవుటను, ప్రమాణముగా అంగీకరించిరి. కాని యోగ్యత అను నియమము పెట్టిరి. వెలుగున్న గదిలో కుండ కనబడనిచో కుండ లేదు. చీకటిగదిలో కనబడనిచో ఏమియు తేలలేదు. పొట్టలోని వాయువు, క్రొవ్వు, పెద్దప్రేగు వెనుక ఉండుకము దాగియుండుట, ఇవియే ఆ చీకటి. పగిలిన ఉండుకము సయితము ఒక్కొక్కప్పుడు అణగిపోయి కంటికి చిక్కదు. పద్దు వ్రాయని గడి వేరు, సున్న వేసిన గడి వేరు. లెక్కలు వ్రాయువారెవరును ఈ రెంటిని ఒకటిగా చూడరు.

కావున కాగితము చేతికి వచ్చినపుడు అడుగుడు: “అయ్యా, ఉండుకము కనబడి బాగున్నదా, లేక కనబడనే లేదా?” మొదటిదైనచో చాల ఊరట. రెండవదైనచో, చేతిపరీక్ష, రక్తములోని తెల్లకణముల సంఖ్య, నొప్పి నడక చూచి వైద్యులు నిర్ణయింతురు. కొన్ని గంటలు ఆసుపత్రిలో నుంచి మరల పరీక్షింతురు, అవసరమైనచో సి.టి., గర్భిణులకు ఎం.ఆర్.ఐ. చేయింతురు. ఆ నడుమ నొప్పి హఠాత్తుగా తగ్గినను వెంటనే వైద్యునికి చెప్పవలెను. ఉండుకము పగిలినపుడును కొంతసేపు నొప్పి తగ్గుట కలదు.