అంగడి డంబము – పిట్టలదొర జవాబు



తెలంగాణపు పల్లెలలో పుట్టి పెరిగినవారికి పిట్టలదొరను పరిచయము చేయనక్కఱలేదు. కొంద ఱతనిని తుపాకి రాముడందురు. నెత్తిన టోపి, ఒంటిమీద పాత ఖాకీ దుస్తులు, భుజమున కొయ్య తుపాకి. ఈ వేషముతో వాకిట నిలిచి అతడు తనకు గల మేడలను, మాన్యములను, తా నేలు రాజ్యములను ఏకరువు పెట్టును. వినువారు కడుపుబ్బ నవ్వుదురు. అతడు పొగడుకొనునది తన్నే యైనను, ఆ నవ్వు తగులునది అతనికి గాదు. అట్టి డంబములనే నిజముగ పలుకు పెద్ద దొరలకు. కోపముతో చెప్పినచో దొర వినడు సరికదా, చెప్పినవాని వీపు పగులును. పొగడ్తగా చెప్పినచో ఊరంతయు నవ్వును, దొర కిమ్మనలేడు.

నేటి దొర అంగడి. "ఇది మగవారి సరకు, ఇది ఆడవారి సరకు" అని వస్తువులను విడదీసి, ఆ నెపమున మన యింటి యాడుబిడ్డలకు హద్దులు గీయుచున్నది. ఆ దొరకు పిట్టలదొర జవాబు ఎట్లు చెప్పవలెనో ముచ్చటించుటయే నేటి నా ప్రసంగ విషయము.

గోదావరిఖనిలో నా యెదుట జరిగిన చిన్న సంగతి మొదట మనవి చేసెదను. బొగ్గుబాయిలో ముప్పదియేండ్లు పనిచేసి దిగిపోయిన వృద్ధు డొకడు, ఆరేండ్ల మనుమరాలిని వెంటబెట్టుకొని బొమ్మల దుకాణమునకు వచ్చెను. పిల్ల చేయి చాచి పసుపుపచ్చని డంపరు బొమ్మను చూపెను. ఓపెన్‌కాస్టు గట్టుమీద దినదినము చూచు బండి గదా! దుకాణదారుడు దానిని ప్రక్కకు నెట్టి, గులాబిరంగు పెట్టెలోని వంటసామాను బొమ్మలను ముందు పెట్టి, "అది మొగపిల్లగాండ్లది పెద్దయ్యా, ఆడపిల్లలకు గిది" అనెను.

వృద్ధుడు కోపపడలేదు. చేతులు జోడించి, "మంచిమాట చెప్పినవు సేటూ! నాకు ఇన్నేండ్లు తెల్వకపాయె. బాయిల నేను నడిపిన బండి మొగదో ఆడదో ఎన్నడు అడుగకపోతి. మరి మా ముసల్ది ఊరికి పోయినప్పుడు నేను వండుకున్న బువ్వ ఆడ బువ్వనా, మొగ బువ్వనా? గది తిన్నందుకు నాకేమన్న అయితదా?" అని మిక్కిలి విచారముగా అడిగెను. చుట్టు నిలిచినవా రందఱు నవ్విరి. దుకాణదారుడును నవ్వెను. నవ్వుచునే డంపరును దింపి పిల్ల చేతి కిచ్చెను. ఎవరికిని మనసు నొవ్వలేదు. పిల్లకు కావలసినది దొరికెను. ఆ వృద్ధుడే వాదమునకు దిగియున్నచో గంటసేపు రభస జరిగి, తుదకు పిల్ల వట్టి చేతులతో ఇల్లు చేరియుండెడిది.

ఒక బొమ్మకై ఇంత ముచ్చటయా యని మీ రడుగవచ్చును. ఆ పిల్ల పెరిగిన పిమ్మట ఏమి పని చేయునను ప్రశ్న ఆ బొమ్మ చాటుననే యున్నది. 1952 నాటి గనుల చట్టము తన 46వ సెక్షనులో స్త్రీలు భూగర్భమున పనిచేయరాదని శాసించెను. గనిపైన సైతము ఉదయము 6 గంటలనుండి సాయంకాలము 7 గంటల వఱకే వారికి పని. ఆ కట్టును 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వము సడలించెను. వ్రాతపూర్వకముగ సమ్మతించిన స్త్రీలను, ఓపెన్‌కాస్టుతో సహా గనిపైని పనులలో రాత్రివేళ గూడ నియమింపవచ్చునని, భూగర్భమున సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణోద్యోగములలో పగటివేళ నియమింపవచ్చునని ప్రకటించెను. 2021లో ఝార్ఖండు రాష్ట్రమున ఆకాంక్ష కుమారి యను యువతి, కోల్ ఇండియా సంస్థలో భూగర్భగనికి దిగిన తొలి మహిళా మైనింగు ఇంజనీరుగా ఉద్యోగమున చేరెను. అరువదియేడేండ్లు మూసియున్న తలుపును ప్రభుత్వము తెఱచినది. ఆ తలుపును ఆరేండ్ల పిల్ల ముఖముమీద బొమ్మల దుకాణము మరల మూయరాదు. నా ఆరాట మంతయు ఇంతియే.

మన ఆలంకారికులు ఇట్టి చమత్కారమునకు వ్యాజస్తుతి యని పేరు పెట్టిరి. పైకి స్తుతి, లోన నింద. లేక పైకి నింద, లోన స్తుతి. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకములో శ్రీకాకుళాంధ్రదేవుని నిందాస్తుతితో నిలదీసిన సంగతి మీలో పలువు రెఱుగుదురు. దేవునినే అట్లు నిలదీసిన భాషకు అంగడివా డొక లెక్కయా?

ఈ విద్య మన యొక్కరి సొత్తు గాదు. ఫ్రాన్సు దేశపు బిక్ కంపెనీ కలముల వ్యాపారమున ప్రసిద్ధి కెక్కినది. ఆ కంపెనీ గులాబి, ఊదా మొదలగు రంగులలో కలములు చేసి, "ఆమె కొఱకు" అని అర్థమిచ్చు పేరు పెట్టి, స్త్రీల కలములని అమ్మజూపెను. అమెజాన్ అను అంతర్జాలపు అంగడిలో, వస్తువుపై తమ యభిప్రాయమును ఎవరైన వ్రాసి అందఱికి తెలుపుటకు వీలు కలదు. 2012లో అక్కడ పొగడ్తల వాన కురిసెను. ఆహా, ఇన్నాళ్లకు మా సుకుమార హస్తములకు తగిన కలము దొరికినది గదా యని కొందఱు. దీనితో వ్రాయుటకు భర్త యనుజ్ఞ పొందవలెనా యని కొందఱు. మగవాడనైన నేను పొరపాటున దీనిని తాకితిని, నా గతి యేమని కొందఱు. వ్రాసినదానికి తాత్పర్య మిట్టిది. ఒక్క తిట్టు లేదు, అంతయు స్తోత్రమే. ఆ స్తోత్రముతో ఆ కలము దేశదేశములలో నవ్వులపాలయ్యెను.

ఇది నవ్వుకొని మఱచిపోవు ముచ్చట గాదు. రూపాయల లెక్క గూడ నున్నది. 2015లో అమెరికాలోని న్యూయార్కు నగరపు వినియోగదారుల శాఖ, దాదాపు 800 వస్తువుల ధరలను జంటలు జంటలుగా పోల్చిచూచెను. స్త్రీల పేర అమ్ము వస్తువులు, పురుషుల పేర అమ్ము అట్టి వస్తువులకంటె సగటున నూటికి 7 వంతులు ప్రియమని తేలినది. షాంపూ, రేజరు వంటి దేహసంస్కారపు వస్తువులలో ఈ తేడా నూటికి 13 వంతులు. ప్రభుత్వము విధించిన పన్నునకు రసీదైన నుండును. ఈ పన్నునకు గులాబిరంగు పెట్టెయే రసీదు!

ఇక మన బొగ్గుసీమకు వత్తము. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొన్న నాటినుండి ఈ నేల నలుపే మన బ్రతుకు. దానికి నల్లబంగారమని ముద్దుపేరు. నేల కడుపులోని నలుపునకు టన్నుల లెక్కన వెల కట్టుదుము. ఆ నలుపే ఆడుబిడ్డ మేనిమీద నున్నచో లోప మందుము. 1961 నాటి చట్టము వలదన్న కట్నమును ఆ నెపమున తులాలకు తులాలు పెంచుదుము. చదువులో మొదటి శ్రేణిలో నిలిచిన పిల్ల, పెండ్లిచూపులనాడు అద్దము ముందు నిలిచి కంట తడిపెట్టుటను మనలో ఎందఱు చూడలేదు?

ఈ కన్నీటిని అంగడి యెన్నడో పసిగట్టెను. ఫెయిర్ అండ్ లవ్లీ యను లేపనము మన దేశమున 1975లో వచ్చినది. దాని ప్రకటన యొకటి కొడుకు లేడని చింతించు తండ్రిని చూపెను. కూతురు ఆ మాట విని, లేపనము పూసికొని, మేని వన్నె మారి, విమానములో ఉద్యోగము సంపాదించి తండ్రిని సంతోషపెట్టును. చదువు మాట లేదు, తెలివి మాట లేదు, పూత యొక్కటియే. అఖిల భారత ప్రజాస్వామిక మహిళా సంఘము దీనిపై ఫిర్యాదు చేసి పోరాడగా, 2003లో ఆ ప్రకటన నిలిచిపోయెను. 2005లో ఇమామి కంపెనీ పురుషులకు వేఱుగా ఒక తెల్లపూతను తెచ్చెను. సమానత్వ మన నిట్లుండవలెను: ఒక్కరిని కించపఱచుట యన్యాయమని ఇరువురిని కించపఱచిరి! 2020లో మొదటి లేపనపు పేరునుండి తెలుపు అను అర్థమిచ్చు మాటను తొలగించి, గ్లో అండ్ లవ్లీ యని మార్చిరి. పేరునకు మాత్రము కాంతి వచ్చినది.

దీనికి పిట్టలదొర యేమనును? "ఇంత మహిమ గల పూతను పిల్లల చెంపలమీద వ్యర్థము చేయుదురా? ముందు బొగ్గునకు పూయుడు! రామగుండము థర్మలు కేంద్రమునకు తెల్లబొగ్గు పోవును. చిమ్నీలనుండి పాలపొంగువంటి పొగ వచ్చును. షిఫ్టు దిగిన కార్మికునికి సబ్బుతో పనిలేదు. అంతయు తెల్లనైన పిమ్మట బొగ్గేదో, సున్నమేదో తెలియక కంపెనీవారు తల పట్టుకొన్నచో, వారి తలకును రెండు చుక్కలు రాయవచ్చును" అనును. ఈ మాట ఒకసారి విని నవ్విన పిల్ల, ఆ ప్రకటనను మరల ఆ కంటితో చూడదు. ఉపన్యాసము చెవిలో నిలువదు, నవ్వు నిలుచును.

ఒక సందేహము న్యాయమైనదే. స్త్రీపురుషుల దేహములు వేఱు గదా, వస్తువులు వేఱుగా నుండిన తప్పేమి? దేహభేదము నిజముగ పనికివచ్చు చోట వస్తువు వేఱుగా నుండవలసినదే. చీరను ఎవరును కాదనరు. కాని చిత్రము చూడుడు. కలమునకు ఆడ మగ భేదము అక్కఱలేదు. అంగడి దానిని కల్పించెను. గనిలోను, కర్మాగారములోను తొడుగు బూట్లు, చేతితొడుగులు, రక్షణ పట్టీలు స్త్రీ దేహపు కొలతకు కావలెను. ఇవి పురుషుల కొలతకే వచ్చుచున్నవని పలు దేశముల స్త్రీ కార్మికులు చిరకాలముగ మొఱపెట్టుకొనుచున్నారు. వదులైన బూటు మెట్లమీద ప్రాణము తీయగలదు. అక్కఱలేని చోట భేదము, అక్కఱయున్న చోట మౌనము! అంగడి స్త్రీల దేహమును అంత శ్రద్ధగా గమనించుచున్నదన్న డంబము ఈ యొక్క బూటుతో తేలిపోవును.

హాస్యముతో సంఘమును దిద్దుట మన సాహిత్యమునకు క్రొత్త గాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు సత్యరాజా పూర్వదేశ యాత్రలలో ఒక దేశమును కల్పించిరి. అక్కడ అధికారము స్త్రీలది, అణగియుండువారు పురుషులు. తలక్రిందు చేసిన ఆ లోకమును చూచి నవ్విన పాఠకునికి, తాను నిలిచిన లోకమే తలక్రిందుగా నున్నదేమో యని అనుమానము పుట్టును. మీరును ఈ పరీక్ష చేయవచ్చును. ఏ ప్రకటనలోనైన స్త్రీ యున్న చోట పురుషుని నిలిపి చూడుడు. గిన్నెల సబ్బు నురుగును చూచి మామగారు పరవశించి పాడుట ఊహించిన చాలును, గుట్టు బయలుపడును. పెండ్లిపందిట్లో వియ్యాలవారిని వెక్కిరించుచు ఆడవారు పాడు పాటలు మీ కెఱుకయే గదా. అక్కడ ఎంత గొప్ప వియ్యంకుడైనను నవ్వి ఊరకుండవలసినదే. ఎదురు చెప్ప వీలులేని వారికి మన పెద్దలిచ్చిన ఆయుధము ఆ నవ్వు.

ఆయుధ మన్న పిమ్మట దానికొక నీతి యుండవలెను. నవ్వు డంబముమీద పడవలెను గాని, దానిని నమ్మి మోసపోయిన పిల్లమీద పడరాదు. దుకాణములో జీతమునకు నిలిచిన కుఱ్ఱవానిమీద పడరాదు. స్త్రీల తెలివిని వెక్కిరించు పరాచకములు మన కూటములలో కొదువ లేదు. అవి అంగడి పలుకుల చుట్టములే గాని వాటికి జవాబులు గావు. నవ్వుతో తీరని చోట ఫిర్యాదు కలదు. 1985లో ఏర్పడిన భారత ప్రకటనల ప్రమాణాల మండలి, స్త్రీపురుషులను హానికరముగ మూసలలో పోసి చూపు ప్రకటనలపై 2022 జూన్‌లో నియమావళి వెలువరించెను. ఎవరైన దానికి వ్రాసి తెలుపవచ్చును.

పెద్దలారా! ఇండ్లలో పండుగ కొనుగోలునాడు సంచి మోయునది పిల్లలైనను, రూకలు విప్పునది మీరే. అంగడి చూచునది మీ చేతివంకనే. మనుమరాలు డంపరు నడిగినచో డంపరు నిండు. మనుమడు వంటసామాను నడిగినచో అదియు నిండు. రేపు షిఫ్టుకు పోవునాడు వానికి అన్నమెవరు వండుదురు? ఎవరైన అడ్డు చెప్పినచో కోపపడవలదు. పిట్టలదొరను తలచుకొని, చేతులు జోడించి, "నిజమే సేటూ, నాకు తెల్వకపాయె" యని ప్రారంభింపుడు. తక్కిన పని నవ్వే చేయును.