అరుంధతి కనిపించిందా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



నా పెళ్లి ముహూర్తం పగలు పదకొండు గంటలకు. పురోహితులుగారు పందిరి బయటికి తీసుకువెళ్లి, "అమ్మా, అరుంధతి కనిపించిందా?" అని అడిగారు. ఎండకి కళ్లు చిట్లించుకుంటూ "కనిపించిందండీ" అన్నాను. మీలో చాలామంది అలాగే అని ఉంటారు. మొన్న మా అమ్మాయికి పెళ్లి కుదిరింది. "అమ్మా, నువ్వు నిజంగా చూశావా?" అని అది అడిగేసరికి నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రే సెల్‌ఫోను తీసుకుని వెతకడం మొదలుపెట్టాను.

ఫ్రాన్సు దేశంలో స్ట్రాస్‌బర్గ్ అనే నగరంలో 1972లో నక్షత్రాల వివరాలు భద్రపరిచే కేంద్రం ఒకటి ఏర్పడింది. వారు నడిపే సమాచార భాండాగారం పేరు సింబాడ్. ప్రపంచంలోని పరిశోధకులు వాడేది అదే, మనకు తెరిచి ఉన్నదీ అదే. రుసుము లేదు, ఏం చదువుకున్నావని అడగరు.

మొదటి చిక్కు పేరు దగ్గర వస్తుంది. మనకే చూడండి, పుట్టింట్లో చిట్టి, సర్టిఫికెట్‌లో సుబ్బలక్ష్మి, అత్తవారింట్లో పెద్దకోడలు! నక్షత్రాలూ అంతే. అరుంధతిని వాళ్లు ఆల్కార్ అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరు కొడితే, తక్కిన పేర్లన్నీ ఒక్కచోట వస్తాయి. వాటిలో హెచ్.డి. 116842 అన్నది ఒకటి. హెచ్.డి. అంటే హెన్రీ డ్రేపర్ జాబితా. 1918, 1924 మధ్య అచ్చయిన ఆ జాబితాలోని 2,25,300 నక్షత్రాలను తరగతులుగా విడదీసింది అమెరికాలో ఆనీ జంప్ కానన్ అనే ఆవిడ. ఒక స్త్రీ అంత ఓపికగా చేసిన పని ఈనాడు నా అరచేతిలో ఉందంటే గర్వంగా ఉండదూ?

పేరు తెలియకపోతే ఆకాశంలో దాని చిరునామా, అంటే నిరూపకాలు, ఇచ్చినా చాలు.

ఇక దూరం. "పారలాక్స్" అన్నచోట ఒక అంకె ఉంటుంది. ముఖం ముందు వేలు పెట్టుకుని ఒక్కో కన్నే మూసి చూడండి, వేలు పక్కకి జరిగినట్టుంటుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు నక్షత్రం కూడా అలాగే రవ్వంత జరిగినట్టు కనబడుతుంది. ఆ కొలతే ఇది. అరుంధతికి సుమారు 40. వెయ్యిని 40తో భాగించి, వచ్చిన 25ను 3.26తో హెచ్చవేస్తే 81.5. అంటే ఈవేళ మనం చూసే వెలుగు మన అమ్మమ్మల కాలంలో బయలుదేరిందన్నమాట! పాలవాడి లెక్క కట్టే మనకి ఇదేం కష్టం?

ఒక్క జాగ్రత్త. అంకె కనబడగానే నమ్మేయకూడదు. పక్కనే అది ఏ పరిశోధనలోదో, ఏ సంవత్సరానిదో ఉంటుంది. అది చూడాలి. పాతమాట కొత్త పరిశీలనతో మారుతుంది. అరుంధతి ఒంటరి చుక్క అనుకున్నారు చాలాకాలం. 2009లో రెండు బృందాలవారు విడివిడిగా, దాని పక్కనే మసకగా ఉన్న చిన్న ఎర్రని తోడును కనుగొన్నారు. ఆ వ్యాసాల జాబితా కూడా సింబాడ్‌లోనే ఉంటుంది. ఆర్కైవ్ అనే మరో భాండాగారంలో ఇలాంటి వ్యాసాలెన్నో ఉచితంగా చదువుకోవచ్చు. నాకు అన్నీ అర్థం కాలేదు. అయినా మొదటి పేరా, చివరి పేరా చదివితే సంగతి తెలిసింది.

తరవాత మా అమ్మాయిని డాబా మీదికి తీసుకువెళ్లాను. వేసవి రాత్రి, ఎనిమిది గంటల వేళ. ఉత్తరాన సప్తర్షులు గరిటెలా ఉన్నారు. గరిటె కాడలో నడిమి చుక్క వశిష్ఠుడు. ఆయన్ని ఆనుకుని చిన్నగా, స్పష్టంగా, అరుంధతి.

"పెళ్లిలో అడిగితే ఏం చెప్పమంటావమ్మా?" అంది.

"పగలు కనబడదండీ, రాత్రి మా అమ్మతో కలిసి చూశాను అని చెప్పు" అన్నాను.