నొప్పి ఆగిన పన్ను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పళ్ల డాక్టరును కాబట్టి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా పన్ను గురించే చెబుతాను. తొమ్మిదో తరగతిలో నాకు కింది దవడ పన్ను పుచ్చింది. చల్లటి నీళ్లు తాగితే జివ్వుమనేది. రాత్రిళ్లు నిద్ర లేదు. అమ్మ లవంగం పెట్టింది. పక్షం రోజులకు నొప్పి దానంతటదే పోయింది. అది జాతర ఏడు. అమ్మవార్ల బంగారం, అదే మన బెల్లం, ఆ వైపే నమిలి తిన్నాను. రెండు నెలలకు దవడ ఉబ్బింది. పన్ను పీకించుకుని ఇంటికొచ్చాను.

ఆ నొప్పి ఎందుకు పోయిందో డాక్టరు చదువులో తెలిసింది. పంటి లోపల నరాలు, రక్తనాళాలు ఉన్న మెత్తటి గుజ్జు ఉంటుంది. పుచ్చు అక్కడిదాకా పోతే సలుపు. గుజ్జు చచ్చిపోతే సలుపూ ఉండదు, చల్లదనమూ తెలియదు. సూక్ష్మజీవులు మాత్రం వేరు చివర దాటి ఎముక వైపు పోతూనే ఉంటాయి. నయమైందని మనం సంబరపడే రోజులవే. ఆ రోజుల్లో వచ్చినా చాలా పళ్లు దక్కుతాయి.

రూట్ కెనాల్ అంటే ఆ కుళ్లు తీసేయడమే. కింది పెద్ద దవడ పంటికి మామూలుగా రెండు వేర్లు, మూడు దారులు. మత్తు సూది ఇచ్చి, సన్నటి ఫైళ్లతో గీకి, మందునీళ్లతో కడిగి, గట్టాపెర్చాతో మూస్తాం. అది మలయా ప్రాంతపు చెట్ల పాల నుంచి వచ్చిన పదార్థం. తాడ్వాయి అడవిలో బంక ఏరినవాళ్లకు ఈ సంగతి నచ్చుతుంది. దవడ పన్నయితే పైన క్యాప్ వేయించాలి, లేకపోతే నమిలేటప్పుడు పగిలే ప్రమాదం ఉంది. నొప్పి లేదుగా అని క్యాప్‌కు రానివాళ్లు ఎందరో! మళ్లీ అదే కథ. వేరు నిలువునా చీలితే ఇక పీకడమే.

నాకు పోయింది ఆరేళ్లకు వచ్చే పన్ను. పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు. దాని తర్వాత ఇంకోటి రాదు. ఆ ఖాళీలోకి వెనక పన్ను ఒరిగింది, పై పన్ను కిందికి దిగింది. ఇప్పటికీ ఆ వైపు సరిగా నమలలేను.

సార్లు ఒప్పుకుంటే రేపు పొద్దున ప్రాథమిక బడిలో ఒకటో తరగతి పిల్లల నోళ్లు చూసి పోతాను. అద్దం, లైటు వెంట తెచ్చుకున్నాను.